‘మునిగే బాతు’ అనవచ్చునా? సూదితోక బాతు విషయమై ఒక క్రియాపద చర్చ

ప్రశ్న: సూదితోక బాతును గురించి వ్యాసం రాస్తూ ‘డాబ్లింగ్ డక్’ అన్న మాటను ‘మునిగే బాతు’ అని తెనిగించాను. ఇది సరిపోతుందా? ఇంతకంటె తగిన మాట ఉంటే పెద్దలు తెలుపగలరు.

సమాధానం: ఈ అనువాదం సరికాదని నా అభిప్రాయం. కారణం వ్యాకరణంలోనూ ఉంది, ఆ పక్షి ఒంటి తీరులోనూ ఉంది. ‘మునుగు’ అకర్మక క్రియ; బాతు మునిగింది అంటే బాతు మొత్తం నీటి అడుగుకు పోయిందని అర్థం. ‘ముంచు’ సకర్మక క్రియ. దేనిని ముంచితే అదే మునుగుతుంది, ముంచే ప్రాణి పైనే ఉండవచ్చు. సూదితోక బాతు చేసేది ఈ రెండో పని. అది తలను, మెడను నీటిలోకి దించి, తోకను నిట్టనిలువుగా పైకెత్తి, అక్షరాలా తలకిందులై, అడుగు బురదలోని గింజలను, చిన్న పురుగులను, నత్తలను వెదుకుతుంది. వెనుక సగం మాత్రం నీటిపైనే తేలుతూ ఉంటుంది. మెడ పొడవైనది కావడం వల్ల, ఇలా మేసే ఇతర బాతులకు అందని లోతు, సుమారు 30 సెంటీమీటర్ల వరకు, దీనికి అందుతుంది.

నిజంగా మునిగేవి పోచార్డ్ వంటి బాతులు. వాటి కాళ్లు ఒంటికి బాగా వెనుకగా ఉంటాయి కనుక అవి నీటిలో మునిగి ఈదడానికి అనువైనవే గాని, ఎగరడానికి ముందు నీటిమీద కొంతదూరం పరుగెత్తవలసి వస్తుంది. సూదితోక బాతు కాళ్లు ఒంటి నడిమికి దగ్గరగా ఉండటం వల్ల అది నీటినుంచి నేరుగా పైకి లేస్తుంది. రెండింటినీ ‘మునిగే’ అన్న ఒకే మాటతో చెబితే, తెలుగు క్రియల జంట ఇంత చక్కగా చూపగల భేదం చెరిగిపోతుంది. అందుచేత ‘తలముంచే బాతు’ అనడం మేలు.

‘సూదితోక’ మాత్రం ఎంతో అందమైన పేరు. లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు 1758లో ఇచ్చిన ‘అనాస్ అక్యూటా’ అన్న శాస్త్రీయ నామంలోని రెండో లాటిన్ మాటకూ మొనదేలినది అనే అర్థం. అయితే సూదిలాంటి ఆ పొడవైన తోక ఈకలు మగపక్షికే ఉంటాయి, ఏడాది పొడుగునా ఉండవు. ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా ఖండాల ఉత్తర భాగాల్లో జతకట్టే కాలం ముగిశాక మగపక్షి ఆ ఈకలను రాల్చి ఆడపక్షిలాగే గోధుమవన్నెకు మారుతుంది. రెక్కల ఈకలు ఒక్కసారిగా రాలడంతో కొన్ని వారాలు ఎగరనే లేకపోతుంది. దక్షిణానికి వలస వచ్చిన తొలిరోజుల్లో కూడా చాలా మగపక్షులు ఆ వేషంలోనే కనిపిస్తాయి. నేలమీద గూడు కట్టి, సాధారణంగా 7 నుంచి 9 గుడ్లు పెట్టి, 22 నుంచి 24 రోజులు ఒంటరిగా పొదిగే తల్లికి ఈ పేరులో చోటు దక్కకపోవడం నన్ను బాధిస్తుంది. మీ వ్యాసంలో ఆమె రూపాన్ని విడిగా వర్ణించండి.

ప్రశ్న: ఆపద వస్తే ఈ బాతు పిల్లలు నీట మునిగి తప్పించుకుంటాయి కదా?

సమాధానం: అవునండీ, ఎగరలేని దశలో పెద్ద బాతులూ మునుగుతాయి. అందుకే ‘మునగని బాతు’ అనకుండా, మేసే తీరును మాత్రమే చెప్పే ‘తలముంచే’ అన్న విశేషణాన్ని సూచించాను.