అప్‌డేట్: 4294967297 ప్రధాన సంఖ్య కాదు, తప్పు నా టెస్టుదే

నా పైథాన్ ప్రోగ్రాం 4294967297 (2 పవర్ 32 ప్లస్ 1) ప్రధాన సంఖ్య అంటోందని, చిన్న సంఖ్యలతో భాగిస్తే శేషం సున్నా రావట్లేదని మొన్న అడిగాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

జవాబు: ఇది 641 × 6700417. నేను 500 దగ్గరే ఆపేశాను, అదీ సంగతి! గణితవేత్త ఫెర్మా కూడా దీన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడని, 1732లో మరో గణితవేత్త ఆయిలర్ విడగొట్టాడని తెలిశాక కాస్త ఊరట.

పనికొచ్చిన సలహా: దీని ప్రధాన కారణాంకాలన్నీ 128 గుణిజానికి 1 కలిపితే వచ్చేవే. 129, 385, 513 ప్రధాన సంఖ్యలు కావు కాబట్టి వదిలేయొచ్చు. ముందు 257, తర్వాత 641. రెండో ప్రయత్నానికే దొరికేసింది.

మరి ప్రోగ్రాం ఎందుకు మోసపోయింది? అది వాడేది ఫెర్మా టెస్టు: ఆధారం అనే ఒక చిన్న సంఖ్యకు, పరీక్షించే సంఖ్య కంటే 1 తక్కువ ఘాతం (పవర్) వేసి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తే ప్రధాన సంఖ్య అనుకుంటుంది. నా టెస్టులో ఆధారం 2 ఒక్కటే. ఈ సంఖ్యతో భాగిస్తే 2 పవర్ 32కి శేషం మైనస్ 1, అంటే 2 పవర్ 64కి శేషం 1. టెస్టులో వాడే ఘాతం 4294967296, అది 64 గుణిజమే. కాబట్టి ఎప్పుడైనా 1 రావాల్సిందే. ఆధారం 3 పెట్టగానే గుట్టు బయటపడింది.

ఓవర్‌ఫ్లో (సంఖ్య మరీ పెద్దదై, దానికి కేటాయించిన మెమరీలో పట్టకపోవడం) జరిగిందేమో అన్న నా అనుమానం మాత్రం వృథా. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఆ బెడద లేదు.