సంతల దారిలో తిరిగేవాడు రివాల్వర్ కొనుక్కోవచ్చా? ఇదే మొదటిసారి

గుణుపురం చింతపండు
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. చింతపండు, జీడిపిక్కల వ్యాపారం, మా నాన్న రోజుల్నుంచీ ఇదే. వారానికి మూడు సంతలు చేస్తాను, సరుకు ఆంధ్రాలోని కొత్తూరు వైపు దింపుతాను. కొండ మీద సవర గిరిజనులు నోట్లిస్తేనే సరుకిస్తారు, అక్కడ ఫోన్‌కి సిగ్నలు ఉండదు. అందుకని సీజనులో సంచీ నిండా డబ్బుతో వెళ్ళక తప్పదు.

పోయిన నెల పుట్టాసింగి వైపు నుంచి దిగుతుంటే పొద్దుపోయింది. మలుపులో రోడ్డుకి అడ్డంగా దుంగ. కారు ఆపాను. మోటారుసైకిలు మీద ఇద్దరు, ముఖాలకి తువ్వాళ్ళు. ఒకడు వచ్చి నా పక్క అద్దం మీద కత్తిపిడితో రెండుసార్లు తట్టాడు, చుట్టం తలుపు తట్టినట్టు నెమ్మదిగా. మిగిలిన 86 వేలు ఇచ్చేశాను. ఠాణాలో కేసు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. అప్పట్నుంచి నేను ఇల్లు చేరేదాకా మా ఆవిడ అన్నం ముట్టడం లేదు.

పాయింట్ 32 రివాల్వర్ ఒకటి కొందామనుకుంటున్నాను. నాకు 44 ఏళ్ళు, ఎప్పుడూ తుపాకీ పట్టుకున్నవాణ్ణి కాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

జయపురం కుర్రాడు
అన్నయ్యా, లైసెన్సు అంటూ తిరిగితే ఏళ్ళు పడుతుంది. నాటుది ఒకటి సీటు కింద పెట్టుకుంటే సరి. నలుగురూ చేసేదే.

పర్లాకిమిడి ప్లీడరు
తమ్ముడూ, ఆ మాట ఎవరికీ చెప్పకు. లైసెన్సు లేని తుపాకీ దొరికితే, ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళు జైలు. దోపిడీకి గురైనవాడే ముద్దాయి బోనులో నిలబడతాడు. పైగా నాటు తుపాకీ చేతిలోనే పేలి వేళ్ళు పోగొట్టుకున్నవాణ్ణి నా కళ్ళతో చూశాను.

చింతపండు గారూ, లైసెన్సు ఇచ్చేది కలెక్టరు. ఫారం ఏ-1 దరఖాస్తు, డాక్టరు రాసే ఎస్-3, తుపాకీ వాడటం, దాచడం నేర్చుకున్నట్టు ఎస్-1 సర్టిఫికెట్టు కావాలి. తర్వాత ఠాణా నుంచి విచారణ. వ్యాపారరీత్యా ప్రాణానికో ఆస్తికో నిజంగా రక్షణ అవసరమైనవాళ్ళ దరఖాస్తు చూడొచ్చని 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది. తీవ్రవాదం ఉన్న ప్రాంతంలో ఉంటూ ప్రాణభయం ఉన్నవాళ్ళ సంగతీ అందులోనే ఉంది. మీ ఎఫ్ఐఆర్ నకలు జతచేయండి. ఇస్తే 5 ఏళ్ళకి ఇస్తారు. 9 ఎంఎం గుండు వేసే తుపాకులు మామూలు పౌరులకి నిషిద్ధం, కాబట్టి మీరనుకున్న పాయింట్ 32 సరైనదే.

మన సరిహద్దువాళ్ళు పట్టించుకోనిది ఒకటుంది. లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. అక్కడ ఒడిశా అని మాత్రమే ఉంటే, మీరు బత్తిలి, భామిని మీదుగా కొత్తూరు వెళ్ళే ప్రతిసారీ ఆంధ్రాలో అక్రమ ఆయుధంతో తిరిగినట్టే. వంశధార పక్కన ఆ రోడ్డు మీద ఒడిశా ఎక్కడ ఆగిందో, ఆంధ్రా ఎక్కడ మొదలైందో మనం పట్టించుకోం. చెక్‌పోస్టు జవాను పట్టించుకుంటాడు. దేశమంతా చెల్లేలా విడిగా అడగాలి, అది అంత తేలిగ్గా రాదు.

కాల్చే హక్కు గురించి కూడా. కత్తి అద్దానికి తగిలినప్పుడు, ప్రాణం పోతుందన్న భయంలో మీరు కాలిస్తే భారతీయ న్యాయ సంహిత 38, 41 సెక్షన్లు మీకు అండగా ఉంటాయి. సంచీ తీసుకుని వాడు బండెక్కి వెనక్కి తిరిగాక, మీకు ప్రాణభయం తీరాక కాలిస్తే ఉండవు. దోపిడీలో ఆత్మరక్షణ హక్కు ఎంతసేపు ఉంటుందో 43వ సెక్షను కొలిచి చెప్తుంది. వీపు మీద తగిలిన గుండు గురించి కోర్టులో నేనేం వాదించగలను?

సుబేదారు, రిటైర్డ్
ప్లీడరు గారు చెప్పిన హక్కు ఆ రోజు ఎన్ని సెకన్లు ఉందో ఆలోచించు బాబూ. కారులో కూర్చుని ఉన్నావు. బెల్టు పెట్టుకున్నావు. రివాల్వర్ కుడి నడుముకి, తలుపుకీ తొడకీ మధ్య ఇరుక్కుని ఉంది. కత్తి ఉన్నదీ కుడి పక్కే. బెల్టు ఎడమచేత్తో విప్పి, ముందుకు వంగి, చొక్కా ఎత్తి, తీసి, మోచెయ్యి తిప్పడానికి చోటు లేని సీట్లో గురి పెట్టాలి. ఇవాళ సాయంత్రం ఇంటి ముందు బండాపి, నడుముకి చిన్న టార్చిలైటు దోపుకుని ఇదంతా చేసి చూడు. మీ ఆవిణ్ణి అద్దం బయట నిలబెట్టు. ఆవిడ రెండుసార్లు తట్టేలోగా నీ టార్చి ఎక్కడుందో చూసుకో.

అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు ట్యూలర్ 1983లో రాశాడు, కత్తి పట్టిన మనిషి 21 అడుగుల దూరం ఒకటిన్నర సెకనులో వచ్చేస్తాడని. నీ దగ్గరికి వచ్చినవాడు అడుగు దూరంలో ఉన్నాడు.

నేను 22 ఏళ్ళు ఫౌజులో చేశాను. తుపాకీ చేతికి అలవాటు కావాలంటే ఏడాది పొడుగునా కాల్చాలి. నువ్వెక్కడ కాలుస్తావు? గుళ్ళు కొనడానికే చెయ్యి వెనకాడుతుంది. నడుముకి ఉన్నది వాడికి కనబడిందా, సంచీతోపాటు అదీ పోతుంది. ఆ రోజు సంచీ ఇచ్చేసి ఇంటికి వచ్చావే, అదే సరైన పని. సిగ్గుపడకు.

కాశీనగరం జీడితోట
సుబేదారు గారూ, మీ మాట కాదనను. కానీ ఠాణాకి 14 కిలోమీటర్ల దూరంలో తోటలో ఒంటరిగా పడుకునేది నేను. మా ఆయన పోయాక ఆయన 12 బోరు తుపాకీ ఠాణాలో అప్పగించాం, తర్వాత వారసురాలిగా నా పేరు మీద లైసెన్సు తెచ్చుకున్నాను. పది నెలలు తిరిగాను. "ఆడమనిషికి ఎందుకమ్మా" అని నా ముఖం మీదే అన్నారు.

రెండేళ్ళ కిందట గింజలు ఎండబెట్టే రోజుల్లో, నడిరాత్రి కుక్క ఒకటే మొరుగుడు. గోదాము వైపు బీడీ నిప్పు కనబడింది. కిటికీ రెక్క కొంచెం తీసి, తుపాకీ ఉంది, ముందుకు రాకండి అని గట్టిగా అరిచాను. నిప్పు కింద పడింది. కంచె తీగె లాగిన చప్పుడు వినబడింది, అంతే. గుండు కాల్చలేదు. ఆ ఇనుము ఇంట్లో లేకపోతే నాకు ఆ గొంతు వచ్చేది కాదు. మగవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు.

అయితే దాన్ని ఇనప పెట్టెలో పెట్టి గోడకి బోల్టులు వేయించాను. తాళంచెవి రొంటినే ఉంటుంది. మనవలొస్తే గుళ్ళు వేరే బీరువాలోకి పోతాయి.

పర్లాకిమిడి ప్లీడరు
అమ్మా, మీది ఇల్లు, ఆయనది రోడ్డు. మీ చేతిలో గోడా, తలుపూ, కుక్కా ఇచ్చిన సమయం ఉంది. ఇంటి రక్షణకి పొడుగు గొట్టం 12 బోరు అడిగేవాళ్ళకి చట్టమే కొంచెం దారి ఇస్తుంది. రివాల్వర్‌కి కారణం గట్టిగా చూపాలి.

సిరొంచ వాసి
మాది గోదారి ఒడ్డు, మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా. మా దిక్కు ఊర్లల్ల ముచ్చట వేరే. ఇంట్ల తుపాకీ ఉన్నదని తెలిస్తే లోపలోళ్ళు, అంటే నక్సలైట్లు, అచ్చి అడుగుతరు, ఇయ్యకుంటే ఒక బాధ, ఇస్తే పోలీసోళ్ళతోటి ఇంకో బాధ. 2004ల కోరాపుట్‌ల జిల్లా ఆయుధాగారాన్నే దోచుకపోయిన్రు. మనం ఒక్కళ్ళం ఏం కాపాడుకుంటం? ఇప్పుడు చానా తగ్గింది గాని, మా అమ్మకు ఆ భయం పోలే. ఎలక్షన్లు అచ్చినయంటే తుపాకీ ఠాణాల పెట్టుమంటరు. 2024ల మాకు లోక్‌సభ ఒకసారి, అసెంబ్లీ ఒకసారి. గన్ని దినాలు దొంగ ఆగుతడా?

అన్నా, నీ డబ్బు సంచి సంగతి సూడు ముందుగాల. నువ్వు ఏ వారం ఏ దారిల పోతవో సంతల అందరికి ఎరుకే. దుంగ ఎవడు పెట్టిండో గని నీ టైం తెలిసినోడే పెట్టిండు.

గుణుపురం చింతపండు
సిరొంచ అన్న చెప్పిన ఆఖరి మాట నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. నిజమే. ఆ రోజు సంతలో నేను డబ్బు లెక్కపెట్టింది టీ కొట్టు బల్ల మీద, పదిమంది ముందు.

సుబేదారు గారు చెప్పినట్టు టార్చితో చేసి చూశాం. మా ఆవిడ నాలుగుసార్లు తట్టింది. నాలుగోసారికి కూడా చొక్కాయే చేతికొచ్చింది. ఆవిడ నవ్వలేదు, ఏడ్చింది.

రెండు కొండూళ్ళలో సవర పెద్దలతో మాట్లాడాను. సగం డబ్బు ముందు, మిగతాది వాళ్ళు గుణుపురం దిగినప్పుడు నా కొట్లోనే ఇస్తానన్నాను. ఒక ఊరు ఒప్పుకుంది, ఇంకొకళ్ళు మా నాన్న రోజుల్లో ఎవరో ఎగ్గొట్టిన సంగతి గుర్తుచేశారు. వాళ్ళ అనుమానం వాళ్ళది. వచ్చే సంతకి తెల్లారకట్లే బయల్దేరతాం, మా బావమరిది వెనక బండిలో వస్తానన్నాడు. ఎండ ఉండగానే దిగిపోవాలి.

ఫారం ఏ-1 తెచ్చుకున్నాను, ఇంకా నింపలేదు. ముందు ఎస్-1 శిక్షణకి వెళ్తాను, నా చెయ్యి నాకు తెలియాలి కదా. ఆ తర్వాతే రివాల్వరా, ఇంటికి 12 బోరా, ఏదీ వద్దా అన్నది.

జీడితోట అమ్మగారూ, ఆ ఇనప పెట్టె ఎక్కడ చేయించారో, గోడకి బోల్టులు లోపల్నుంచి వేశారో బయట్నుంచి వేశారో కొంచెం చెప్పగలరా? డబ్బు పెట్టుకోవడానికైనా ఒకటి కావాలి.