అప్‌డేట్: 1/2, 2/4 గొడవ తీరింది

అంకెలు పెద్దవి కాబట్టి 1/2 కన్నా 2/4 ఎక్కువంటున్న మా ఐదో తరగతి పిల్లలకు సమాన భిన్నాలు ఎలా చెప్పాలని అడిగాను కదా. కాగితం మడిపించమన్నవాళ్లకు చాలా థాంక్సండి. సగానికి రంగు వేయించి మళ్లీ మడిపిస్తే రంగు అంతే ఉంది, పేరు 2/4 అయింది. ఇంకో మడతకు 4/8 అని వాళ్లే అరిచారు.

అసలు సంగతి తర్వాత జరిగింది. ఒకే సైజు కాగితాలు రెండు తీసుకుని ఒకదాన్ని అడ్డంగా సగానికి, ఇంకోదాన్ని మూల నుంచి మూలకు కత్తిరించాం. దీర్ఘచతురస్రం మీద త్రిభుజం పెడితే సరిపోలేదు, అంటే సర్వసమానం కాదు. మరి రెండూ సగమేనా? ఒక పాప త్రిభుజాన్ని సగం ఎత్తులో అడ్డంగా కోసి, పైముక్కను తిప్పి పక్కన చేర్చింది. అచ్చం అదే దీర్ఘచతురస్రం! నాకు భలే సంతోషమేసింది.

ఇక 2/3, 4/6 మిగిలాయి. సమానంగా మూడు మడతలంటే చిన్న చేతులకు కష్టం, వాటికి గళ్ల నోటుబుక్కే వాడతాను.