సెల్లార్‌లో ఎలుకల మందు పెట్టాలా, వద్దా? మా అపార్ట్‌మెంట్ రెండుగా చీలింది

నిజాంపేట్ 302
దసరాకి ఊరెళ్లి తొమ్మిది రోజుల తర్వాత వచ్చాం. సెల్లార్‌లో కారు స్టార్ట్ అయింది కానీ చెక్ ఇంజిన్ లైటు ఆరలేదు, ఏసీ పని చేయలేదు. బోనెట్ ఎత్తితే లోపల ఎలుకలు కాపురమే పెట్టేశాయి. పైన ఉండే ఇన్సులేషన్ షీటు పీకి దూదిలా పోగేసుకున్నాయి. బ్యాటరీ మీద సగం తిన్న చపాతీ ముక్క, పక్కన ఒక కోడి ఎముక. మా ఇంట్లో మాంసం వండం! సర్వీస్ సెంటర్‌లో వైరింగ్ మొత్తం మార్చాలి, 38,000 అవుతుందన్నారు. ఎలుకలు కొరికితే వారంటీ రాదట. బయట మెకానిక్ తెగిన నాలుగు వైర్లు అతికి, టేపు చుట్టి 2,800 తీసుకున్నాడు. ప్రస్తుతానికి బండి తిరుగుతోంది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. మా సెల్లార్‌లో 24 కార్లు ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో సగం మంది రేపే మందు పెట్టించమంటున్నారు. మిగతావాళ్లు పిల్లులు తిరుగుతాయి, పిల్లలు ఆడుకుంటారు, వద్దంటున్నారు. ఐదో ఫ్లోర్ పెద్దావిడ వినాయకుడి వాహనం జోలికి పోవద్దని ఆడియో మెసేజ్ పెట్టారు. ఆదివారం మీటింగ్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత వ్యాగనార్
ఇందులో చర్చేముంది అన్నా? మందు పెట్టించండి. మా దగ్గర రెండేళ్లు బోనులని, పొగాకని, కర్పూరమని అన్నీ చేశాం. ఒక ఎలుక పడితే పది పుట్టాయి. చివరికి పెస్ట్ కంట్రోల్ వాళ్లు తాళం వేసే నల్ల డబ్బాల్లో బ్రోమాడియోలోన్ కేకులు పెట్టి గోడల వెంట బిగించారు. నాలుగు నెలల నుంచి ఒక్క వైరు తెగలేదు. డబ్బాలో చెయ్యి పట్టదు కాబట్టి పిల్లలకూ భయం లేదు. పైగా ఆ మందు తిన్న ఎలుక దాహం వేసి బయటికి పోయి చస్తుంది. వినాయకుడి సంగతంటారా, ఆయన వాహనం ఆయన దగ్గర ఉంటే మనకేం అభ్యంతరం?

గోడమీద పిల్లి
వ్యాగనార్ గారూ, దాహం వేసి బయటికి పోతుందనేది వట్టి మాట. ఆ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం దాకా బతికి, నీరసించి, ఎక్కడ నక్కి ఉంటే అక్కడే చస్తుంది. మా అక్కావాళ్ల కారులో ఏసీ బ్లోవర్ పక్కన చచ్చింది. డాష్‌బోర్డు విప్పి తీయించారు. ఆ వాసనకి నెల రోజులు కిటికీలు దించుకుని తిరిగారు, అదీ మే నెలలో.

రెండోది, నీరసించిన ఎలుకని పిల్లి సులువుగా పట్టుకుంటుంది. మందు దాని ఒంట్లోకీ వెళ్తుంది. మా వీధిలో ఒక పిల్లికి ముక్కు నుంచి రక్తం కారుతుంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, విటమిన్ కె1 ఇచ్చి బతికించారు. రాత్రి పూట ఎలుకలు తినే గుడ్లగూబలకీ ఇదే గతి. మీ డబ్బా తాళం ఎలుక బయటికి వచ్చాక ఏం ఆపుతుంది?

పాత వ్యాగనార్
మేడమ్, పిల్లులకి రోజూ సెల్లార్‌లో అన్నం, చేపముక్కలు పెట్టేది ఎవరు? ఆ ప్లేట్లు రాత్రంతా అక్కడే ఉంటాయి. 302 గారి బోనెట్‌లోకి కోడి ఎముక ఎక్కడి నుంచి వచ్చిందో నాకైతే అర్థమైంది.

గోడమీద పిల్లి
ఆ మాట కొంత నిజమే, ఒప్పుకుంటాను. నేను పెట్టిన అరగంటకే ప్లేటు తీసేస్తాను. అందరూ అలా తీయరు.

స్పానర్ అన్న
గ్యారేజ్ నడుపుతా, ఈ పంచాయితీ రోజూ చూస్తా. మొదలు ఒకటి చెప్పండి: మీది ఎలుకనా, చిట్టెలుకనా? పెంటికలు చూడండి. బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక, సెంటీమీటరు దాటితే పెద్ద ఎలుక. గోడ పక్కన మట్టి తోడి పోసి ఉంటే పందికొక్కు. మూడింటికీ ఒకే మందు, ఒకే బోను అంటే పని కాదు.

చిట్టెలుక కొత్త వస్తువు కనిపిస్తే వచ్చి చూస్తది, మొదటి రాత్రే పడ్తది. పెద్ద ఎలుకకి అనుమానం ఎక్కువ, కొత్త బోను దగ్గరికి రోజుల తరబడి రాదు. అందుకే 'బోనులు పనికిరావు' అని అందరూ అంటరు. బోనుని నాలుగైదు రోజులు తలుపు పడకుండా కట్టేసి, లోపల కాల్చిన ఎండు కొబ్బరి ముక్క పెట్టండి. భయం పోయి తినుడు మొదలైనంక అప్పుడు కట్టు విప్పండి. బోను నడిమధ్యల కాదు, గోడకి ఆనించి పెట్టాలె. ఎలుక గోడ వెంటనే పోతది.

వైర్ల మీద సోయా కోటింగ్ ఉంటది, అందుకే తింటయని యూట్యూబ్‌లో చెప్తుంటరు. అమెరికాల కంపెనీల మీద కేసులు కూడా వేసిండ్రు. నాకైతే నమ్మకం లేదు. ముప్పై ఏండ్ల కింది బండ్ల వైర్లు కూడా కొరికినయి. ఎలుక ముందు పళ్లు జీవితాంతం పెరుగుతనే ఉంటయి, ఏదో ఒకటి కొరకాలె. సబ్బు కూడా కొరుకుతది, అది రుచి కోసమా?

సున్నా తరుగుదల
మందు గొడవ మీరు తేల్చుకోండి. నేను ఇన్సూరెన్స్ పనిలో ఉంటాను, డబ్బు సంగతి చెప్తాను. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఎలుకల నష్టానికి పైసా రాదు. ఫుల్ పాలసీ ఉన్నా కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని కొర్రీలు పెడతాయి. ముందు పాలసీ కాగితం చదవండి. జీరో డెప్ (పాత భాగాలకి తరుగుదల కోయకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద 50% కోత. 1500 సీసీ లోపు కారుకి మరో 1,000 మీ జేబులోంచి.

అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ దగ్గర, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. మీకు 50% బోనస్ ఉందనుకుందాం. సొంత డ్యామేజీ ప్రీమియం 10,000 అయితే మీరు కట్టేది 5,000. ఒక్క క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది పూర్తి 10,000 కట్టాలి. ఆ తర్వాత బోనస్ మళ్లీ 20, 25, 35, 45 అని మెట్లెక్కుతుంది. ప్రీమియం మారలేదనుకున్నా ఐదేళ్లలో అదనంగా కట్టేది 12,500. కాబట్టి 2,800 బిల్లుకి క్లెయిమ్ వెయ్యకండి. 38,000 అయితే వెయ్యండి. బోనస్ కాపాడే యాడ్ ఆన్ ఉంటే లెక్క వేరు.

మియాపూర్ మామ
నేను ఆన్‌లైన్‌లో 1,500 పెట్టి, మనకి వినపడని శబ్దంతో ఎలుకల్ని తరుముతుందనే అల్ట్రాసోనిక్ మెషిన్ కొని బోనెట్‌లో బిగించాను. వారం రోజులు బాగుంది. ఎనిమిదో రోజు దాని వైరే కొరికేశాయి.

స్పానర్ అన్న
😂 మామా, 2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవి తయారు చేసేటోళ్లకి, అమ్మేటోళ్లకి 60 మందికి పైగా హెచ్చరిక లేఖలు పంపింది, రుజువు లేకుండా గొప్పలు చెప్పొద్దని. ఆ శబ్దానికి ఎలుక అలవాటు పడ్తది. పొగాకు కాడలు, నాఫ్తలీన్ గోళీలు కూడా అంతే, వాసన ఉన్నన్ని రోజులే. ఎండు పొగాకు వేడి ఇంజిన్ మీద పెట్టుడు నాకు భయం. నాఫ్తలీన్ వాసన ఏసీలకెల్లి లోపలికి వస్తది, చిన్న పిల్లలున్న బండిల అస్సలు వద్దు. మిర్చి ఘాటు పట్టించిన టేపు హోండా వాళ్లు అమ్ముతరు. అతికిన వైర్ల మీద చుట్టనీకి అది పర్వాలేదు. దానికంటే ఏసీ గాలి లోపలికి పోయే దారికి ఇనప జాలి కొట్టించండి. కన్నం 6 మిల్లీమీటర్ల లోపే ఉండాలె, చిట్టెలుక పెన్సిల్ మందం సందులకెల్లి కూడా దూరుతది. రాణిగంజ్‌ల మీటర్ల లెక్కన దొరుకుతది.

మాజీ సెక్రటరీ
నాలుగేళ్లు ఈ ముళ్ల కిరీటం మోశాను కాబట్టి నా మాట వినండి. మందు ముందు కాదు, చివర. మా సెల్లార్‌లో ఎలుకలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకడానికే రెండు వారాలు పట్టింది. చెత్త డ్రమ్ముల మూతలు విరిగిపోయి ఏడాదైంది. చెత్త ఆటో పొద్దున వస్తుంది, కానీ మనవాళ్లు రాత్రి పదింటికే సంచులు తెచ్చి డ్రమ్ము పక్కన నేల మీద పెడతారు. డ్రైనేజీ పైపులు గోడలోంచి వచ్చే చోట చుట్టూ సందులు. అన్నిటికంటే ఘోరం, ఆరు నెలలుగా కదలని మూడు కార్లు. ఓనర్లు అమెరికాలో. ఆ మూడూ ఎలుకలకి ప్రసూతి వార్డులు. ఎవరి బండి వాళ్లు ఎన్ని చేసినా ఆ మూడు బోనెట్లు ఎత్తించకపోతే లాభం లేదు.

జిగురు అట్టల గురించి ఎవరూ అనకముందే చెప్తున్నాను, వద్దు. ఎలుక రోజంతా అరుస్తూ కొట్టుకుంటుంది, తొండలూ పిచ్చుకలూ అంటుకుంటాయి. జంతు సంక్షేమ మండలి కూడా వద్దనే చెప్పింది. ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం పేస్టు అయితే ససేమిరా. మనిషి కడుపులోకి వెళ్తే కాలేయం పోతుంది, దానికి విరుగుడు మందు లేదు.

పాత వ్యాగనార్
సార్, మీరు చెప్పినవన్నీ చెయ్యడానికి 24 మంది ఒప్పుకోవాలి. మందు పెట్టడానికి ఒక ఫోన్ చాలు. మన అసోసియేషన్ల సంగతి మీకు తెలియనిదా?

మాజీ సెక్రటరీ
తెలుసు నాయనా. అందుకే మాజీ అయ్యాను.

నిజాంపేట్ 302
మీటింగ్ అయింది. రెండు గంటలు, మధ్యలో టీ కోసం ఒక గొడవ. మందు వద్దని 13 మంది, కావాలని 9 మంది. ఇద్దరు ఫోన్ చూసుకుంటూ ఉండిపోయారు. రెండు నెలలు ఆగి చూద్దామన్నారు. ఈలోపు మూత ఉన్న డ్రమ్ములు నాలుగు, బోనులు ఆరు, పైపుల చుట్టూ సిమెంటు. కదలని కార్లు మా దగ్గర కూడా రెండున్నాయి. ఒకాయన డల్లాస్ నుంచి తాళం చెవి ఎవరి దగ్గరుందో చెప్పాడు, ఇంకొకాయన మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదు.

కోడి ఎముక సంగతి తేలింది. పిల్లులకి పెట్టినది కాదు. డ్రైవర్లు మెట్ల కింద కూర్చుని బిర్యానీ తిని కవర్లు లిఫ్ట్ గుంత పక్కన పడేస్తున్నారు. పాపం, వాళ్లకి కూర్చుని తినడానికి మనమేం చోటు చూపించాం కనుక. వాచ్‌మన్ గది పక్కన ఒక బల్ల వేయిస్తున్నాం.

స్పానర్ అన్న చెప్పినట్టు ఐదు రోజులు తలుపు కట్టి ఉంచి ఆరో రోజు విప్పాం. ఒకే రాత్రి నాలుగు పడ్డాయి, అన్నీ పెద్దవే. ఇప్పుడు కొత్త చిక్కు. వాటిని వాచ్‌మన్ వెనక ఖాళీ ప్లాటులో వదిలొచ్చాడు. ఆ ప్లాటు ఓనరు కూడా మా వాట్సాప్ గ్రూపులోనే ఉన్నాడు. పట్టినవాటిని మీరంతా ఏం చేస్తున్నారు?