‘నార్మ్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:

మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. ఎదురింటి అబ్బాయి చెస్ ఆడతాడు. మొన్న టోర్నమెంటు నుంచి వచ్చి, మొదటి జీఎం (గ్రాండ్‌మాస్టర్) నార్మ్ వచ్చిందని వీధంతా స్వీట్లు పంచాడు. మా అత్తగారు “నార్మ్ అంటే ఏంటమ్మా?” అని అడిగారు. ప్రమాణం అన్నాను. “ఒట్టు వేశాడా?” అన్నారు. నియమం అంటే “ఏం దీక్ష పట్టాడు?” అన్నారు. ఆఫీసులో మేము సోషల్ నార్మ్స్ అంటాం, టీవీలో కాలుష్య నార్మ్స్ అంటారు. ఇవన్నీ ఒకటేనా? సరైన తెలుగు మాట ఒక్కటి చెప్పండి.

జవాబు:

ఒక్క మాట లేదండి. ఒక్క మాటతో సరిపెట్టకూడదని కూడా నా గట్టి నమ్మకం. చెన్నైలో చాలా ఏళ్లుగా అనువాదాలు చేస్తున్నాను, ఈ మాట దగ్గర నేనూ దెబ్బ తిన్నాను. ఒకసారి ఉద్యోగులకిచ్చే పుస్తకంలో సోషల్ నార్మ్స్ అని ఉన్నచోటల్లా ‘సామాజిక నిబంధనలు’ అని రాసుకుంటూ పోయాను. పేజీలు చదివి వినిపిస్తుంటే మా అమ్మ ఆపి, “ఈ నిబంధనలు ఎవరు పెట్టార్రా?” అంది. నా దగ్గర సమాధానం లేదు. పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడాలని, చెప్పులు గడప బయటే విడవాలని ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. ఆ రాత్రి కూర్చుని మొత్తం తిరగరాశాను.

అప్పటినుంచి నార్మ్ కనబడితే ముందు అమ్మ ప్రశ్నే వేసుకుంటాను: ఎవరు పెట్టారు? తర్వాత ఇంకోటి: తప్పితే ఏమవుతుంది?

మీ ఎదురింటి అబ్బాయి సంగతే చూడండి. పెట్టినవాళ్లు ఉన్నారు, ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే మామూలుగా 2500 రేటింగు (ఆటగాడి బలాన్ని చూపే అంకె) అందుకోవాలి, మూడు నార్మ్‌లు సాధించాలి, ఆ నార్మ్‌ల ఆటలన్నీ కలిపి కనీసం 27 ఉండాలి. ఒక్కో నార్మ్‌కి ఆ టోర్నమెంటులో ఆట స్థాయి 2600కి తగ్గకూడదు. అంటే ఇది కొలత పెట్టి తేల్చే గీటు. అర్థం ప్రకారం ప్రమాణమే. కానీ “ప్రమాణం వచ్చింది” అని తెలుగులో ఎవరూ అనరు, మీ అత్తగారు ఒట్టు అనుకోవడంలో తప్పేమీ లేదు. ప్రమాణ స్వీకారం రోజూ వినే మాట కదా. ఇక్కడ నార్మ్‌ని నార్మ్‌గానే ఉంచి, పక్కన ఒక వాక్యం వివరణ ఇవ్వడం మేలు. 1988లో ఆనంద్ మన దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. ఈ ఊళ్లో చెస్ పిల్లలున్న ఇళ్లలో నార్మ్ ఇప్పుడు ఇంటి మాటే.

కాలుష్యం విషయంలో మాత్రం ప్రమాణం చక్కగా కుదురుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వాహనాల పొగకు హద్దు పెట్టే బీఎస్ 6 (భారత్ స్టేజ్ 6) వచ్చింది. పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గించారు. ఆ 10 అనేది ప్రమాణం. అది దాటకూడదన్న ఆజ్ఞ నిబంధన. పత్రికల్లో రెంటినీ కలిపి ‘కాలుష్య నిబంధనలు’ అనేస్తున్నారు. కొలతకీ ఆజ్ఞకీ తేడా పోతే చదివేవాడికి విషయం మసకబారుతుంది.

ఇక ఎవరూ పెట్టనివి. వీటికి మన భాషలో లోటే లేదు. తప్పితే నలుగురూ ఏమనుకుంటారో అనే భయం ఉంటే అది కట్టుబాటు. కట్టు అన్న మాట అందులోనే ఉంది, మనిషిని కట్టి ఉంచుతుంది. భయం లేకుండా, ఇంట్లో తరతరాలుగా వస్తున్నదైతే ఆనవాయితీ. “మాకు వరలక్ష్మీ వ్రతం ఆనవాయితీ లేదండి” అని ఎంత సహజంగా అంటాం! అక్కడ నియమం అని పెట్టి చూడండి, వాక్యం చచ్చిపోతుంది. మా అమ్మమ్మగారి ఊళ్లో బొమ్మల కొలువు సంక్రాంతికి పెట్టేవారు. చెన్నై వచ్చాక చుట్టూ అందరూ నవరాత్రికి పెడుతుంటే, మైలాపూరు మాడవీధిలో బొమ్మలు అప్పుడే అమ్ముతుంటే, మా ఇంట్లోనూ దసరాకి మారింది. ఎవరూ తీర్మానం చేయలేదు, పాతదానికి ఎవరూ శిక్ష వేయలేదు. ‘నలుగురితో పాటు నారాయణ’ అన్నట్టు జరిగిపోయింది. నార్మ్ మారడమంటే ఇదే.

ఇంకో రకం ఉంది: మంచీ చెడూ ఊసు లేకుండా, ఎక్కువగా జరిగేది. “ఇంటి నుంచి పనిచేయడం నార్మ్ అయింది” అంటే కట్టుబాటు కాదు, ప్రమాణమూ కాదు, పరిపాటి అయింది. మామూలైపోయింది అన్నా సరే. మామూలు అరబ్బీ నుంచి వచ్చిన మాట, వాడుకలో ఉన్నది అని అర్థం. వాడుకగా ఇచ్చే డబ్బు కూడా మామూలే అయింది. ‘మామూళ్లు’ అనగానే లంచం తలపుకొస్తోంది కాబట్టి బహువచనంలో జాగ్రత్త.

ఇంకో సభ్యుడు:

అన్నయ్యా, ఇంత గందరగోళం ఎందుకు? అసలు మూలం ప్రమాణమే కదా? దాన్నే అన్నిచోట్లా స్థిరపరిస్తే పోలేదా?

జవాబు:

మూలం సంగతి మీరన్నదానికి దగ్గరే, తమ్ముడూ. లాటిన్‌లో నార్మా అంటే వడ్రంగి చేతిలో ఉండే మూలమట్టం. కోణం సరిగ్గా కుదిరిందా లేదా అని చూసే పనిముట్టు. నార్మల్ అంటే ముందు ఆ మట్టానికి కుదిరినది. అందుకే లెక్కల్లో నార్మల్ అంటే ఇప్పటికీ లంబంగా నిలిచిన గీత. ఎనార్మస్ అంటే మట్టం దాటిపోయినది.

కానీ ఆ మాట వడ్రంగి చేతిలోంచి ఎప్పుడో బయటికొచ్చింది. 1856లో మద్రాసులో ఉపాధ్యాయ శిక్షణకు పెట్టిన బడి పేరు నార్మల్ స్కూల్. అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. అక్కడ నార్మల్ అంటే పాఠం చెప్పడానికి మాదిరి చూపేదని. పుట్టుక చూసి ఇప్పటి అర్థం కట్టలేం. ‘సామాజిక ప్రమాణాలు’ అని రాస్తే, గడప దగ్గర చెప్పులు విడవడాన్ని ఎవరో కొలబద్ద పెట్టి కొలుస్తున్నట్టు వినిపిస్తుంది. కట్టుబాట్లు అంటే వెంటనే మనుషులు కనబడతారు.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ. “గ్రాండ్‌మాస్టర్ కావడానికి మూడుసార్లు పెద్ద గీటు దాటాలట అత్తయ్యా, ఒకసారి దాటాడు” అని చెప్పాను. “మరి రెండోది ఎప్పుడో కనుక్కో, ఈసారి స్వీట్లు మనమే చేసి పంపిద్దాం” అన్నారు.