మా నెట్ కనెక్షన్ వాళ్లు మేం చూసేవన్నీ చూస్తున్నారా?

ప్రశ్న (కడప, ఎర్రముక్కపల్లి నుంచి): అన్నా, నాన్న మోకాళ్ల నొప్పికి మందులేమున్నాయని ఇంటి వైఫైలో రెండు రాత్రులు వెతికాను. ఇప్పుడు అమ్మ ఫోన్లో కూడా మోకాలి పట్టీల యాడ్సే. కనెక్షన్ ఇచ్చినాయన చూసి అమ్ముకుంటున్నాడా? చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు 1: ఎక్కువగా యాడ్ కంపెనీల పనే తమ్ముడూ. ఇంట్లో అందరిదీ ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే నంబరు) కదా, అందుకే అమ్మ ఫోన్లోనూ వస్తున్నాయి. సైట్ అడ్రస్ ముందు హెచ్‌టీటీపీఎస్ (మనకూ సైట్‌కూ మధ్య సమాచారాన్ని రహస్యంగా ఉంచే పద్ధతి) ఉంటే నెట్ వాళ్లకు సైట్ పేరు తెలుస్తుంది, చదివిన పేజీ తెలియదు.

జవాబు 2: 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం యాడ్స్ కోసమైతే ఎందుకో చెప్పి అనుమతి తీసుకోవాలి. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ఇందులో చాలావాటి అమలుకు 18 నెలల గడువిచ్చారు. అనుమతి ఇచ్చావేమో నీ కనెక్షన్ దరఖాస్తు ఫారం చూడు.

అడిగినవారు: చూశాను. చీమ తలకాయంత అక్షరాలు. టీ చల్లారుతుందని చదవకుండానే సంతకం పెట్టేశాను!