రేకుల గోదాముకు గట్టి షట్టర్ వేయించాలా, ఆ డబ్బు రేకులకే పెట్టాలా?

ఎనుమాముల గోదాము:
అందరికీ నమస్తే. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దారిలో మా నాన్న కట్టించిన రేకుల గోదాము ఒకటి ఉంది. ముందర రెండు షట్టర్లు. ఒక్కొక్కటి పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. సీజన్‌లో మిర్చి, పత్తి వ్యాపారులకు కిరాయికి ఇస్తాం. మొన్న మేలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. గట్టిగా పది నిమిషాలు కూడా లేదు. ఎడమవైపు షట్టర్ లోపలికి పొట్ట వేసి, ఒక పక్క ఛానల్‌లోంచి, అంటే షట్టర్ అంచు జారే ఇనుప గాడిలోంచి, ఊడిపోయింది. అది ఊడిన కాసేపటికే వెనకవైపు నాలుగు రేకులు లేచిపోయాయి. ఆ వెంటనే వాన. ముప్పై బస్తాల మిర్చి తడిసింది. సరుకు నాది కాదు, కిరాయికున్న వ్యాపారిది. ఆ రోజు ఆయన మొహం చూడలేకపోయాను.

షట్టర్ వేసే ఆయనేమో పాత 22 గేజ్ పట్టీలు తీసేసి 18 గేజ్ వేద్దాం, ఇక కదలదు అంటున్నాడు. గేజ్ నంబరు తగ్గితే పట్టీ మందం పెరుగుతుందట. మా బావ మాత్రం, "సముద్రం మనకు 200 కిలోమీటర్ల పైన ఉంది, తుఫాను షట్టర్ మనకెందుకు? ఆ డబ్బుతో రేకులు గట్టిగా బిగించు" అంటున్నాడు. రెండూ చేయించే స్తోమత ఈ ఏడాది లేదు. మీరైతే ఏం చేస్తారు?

బట్టలబజార్ కిరాయిదారు:
మీ బావ చెప్పిందే నిజం. నా దుకాణం మడిగెలో ఉంది, పదేళ్లుగా కిరాయి కడుతున్నాను. మన దగ్గర ఈదురుగాలి వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, అదీ ఎక్కువగా సాయంత్రం పూట. ఆ టైముకు దుకాణాలన్నీ తెరిచే ఉంటాయి. తెరిచి ఉన్న షట్టర్ ఎంత గట్టిదైతే ఏం లాభం? వరంగల్‌ను నిజంగా ముంచింది నీళ్లు. 2023 జూలై చూశాం, 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాను చూశాం. నీళ్లు షట్టర్ కింది సందులోంచే వచ్చాయి. 18 గేజ్ కాదు, ఇనుప గోడ కట్టినా కింద సందు ఉన్నంతవరకు అంతే. ఇంకో మాట. ఇలాంటి పని మొదలుపెట్టిన ఓనర్ ఎవరైనా చివరికి ఆ ఖర్చు కిరాయిలోనే కలుపుతాడు. అందుకే నాకు ఇష్టం లేదు.

సివిల్ హనుమకొండ:
కిరాయిదారు అన్నా, మీ దుకాణం వరకు మీరు చెప్పింది ఒప్పుకుంటాను. మీ మడిగె మీద స్లాబ్ ఉంది. అయిదు ఇంచుల స్లాబ్ చదరపు మీటరుకు 300 కిలోల పైనే బరువుంటుంది, గాలికి లేవదు. మీకు షట్టర్ అంటే దొంగల కోసం. గోదాము సంగతి వేరు. అక్కడ పైన ఉన్నది ఇనుప రేకు, చదరపు మీటరుకు అయిదు కిలోలు కూడా ఉండకపోవచ్చు.

లెక్క చెబుతాను, ఓపిగ్గా చదవండి. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 0.6తో మళ్లీ హెచ్చిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల తోపుడో వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలికి అది సుమారు 47 కిలోల బరువుతో సమానం. పది అడుగులకు ఎనిమిది అడుగుల షట్టర్ అంటే దాదాపు ఏడున్నర చదరపు మీటర్లు. మొత్తం 350 కిలోలు. షట్టర్‌ను పడుకోబెట్టి దాని మీద ఏడు సిమెంటు బస్తాలు పరిచినట్టు. గాలి వేగం రెట్టింపైతే బస్తాలు పద్నాలుగు కావు, ఇరవై ఎనిమిది అవుతాయి.

ఇప్పుడు అసలు విషయం. షట్టర్ మూసి ఉన్నంతసేపు గాలి షెడ్డు మీదుగా పోతూ రేకులను పైకి పీలుస్తుంది. షట్టర్ ఊడిందంటే అదే గాలి లోపలికి దూరి కిందినుంచి కూడా తోస్తుంది. కట్టడాల మీద గాలి లెక్కకు మన దేశ ప్రమాణాల పుస్తకం ఐఎస్ 875 మూడో భాగం. అందులో లోపలి ఒత్తిడికి, పెద్దగా సందుల్లేని గోడలుంటే గాలి తోపుడులో 0.2 వంతు తీసుకోమన్నారు. గోడలో అయిదో వంతుకు మించి తెరుచుకుంటే 0.7. అంటే మూడున్నర రెట్లు. పైన పీల్చేది, కింద తోసేది కలిస్తే ఆ 100 కిలోమీటర్ల గాలికే చదరపు మీటరుకు 70 కిలోల పైన రేకును లేపుతుంది. మీ దగ్గర ముందు షట్టర్, తర్వాత రేకులు పోయాయని మీరే రాశారు. ఆ వరస ఊరికే రాలేదు. రేకుల షెడ్డుకు షట్టర్ కూడా పైకప్పులో భాగమే అనుకోండి.

1992 ఆగస్టులో అమెరికాలో ఫ్లోరిడాను ఆండ్రూ తుఫాను కొట్టినప్పుడు చాలా ఇళ్లలో ఇదే జరిగింది. గ్యారేజీ తలుపు లోపలికి పోవడం, ఆ తర్వాత కప్పు లేవడం. ఆ దెబ్బతోనే అక్కడ తలుపులకు, షట్టర్లకు పరీక్షలు పెట్టారు. నాలుగు కిలోల చెక్క దుంగను సెకనుకు 15 మీటర్ల వేగంతో షట్టర్‌కు కొట్టి చూస్తారు. గాలిలో ఎగిరొచ్చే వస్తువులను తట్టుకుంటుందా అని.

సముద్రం దూరం అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. అదే ఐఎస్ పుస్తకంలో విశాఖపట్నానికి లెక్కకు తీసుకోమన్న గాలి సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44. తోపుడులో తేడా 30 శాతం లోపే. తీరం దగ్గర కొన్ని రకాల కట్టడాలకు ఇంకొంత కలుపుతారు, అది వేరే. లోపలి జిల్లాలకు గాలే లేదన్న మాట మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో ఏం జరిగిందో అందరం చూశాం కదా. కొన్ని వందల ఎకరాల్లో వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అది ఏ ఊరి మీదుగానో పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం.

హసన్‌పర్తి రైస్ మిల్లు:
మా నాన్న కాలంలో గాలి లేస్తే షట్టర్‌ను సగం ఎత్తి, వెనక తలుపు తీసేవాళ్లు. వచ్చిన గాలి ఇటు నుంచి అటు పోతుంది, దేని మీదా బరువు పడదు అనేవారు. దీనికేమంటారు?

సివిల్ హనుమకొండ:
వద్దు సార్. వెనక తలుపు చిన్నది, ముందర షట్టర్ పెద్దది. లోపలికి వచ్చినంత గాలి బయటికి పోదు, మిగిలింది రేకుల మీదే పడుతుంది. పైగా సగం ఎత్తిన షట్టర్‌కు కింద పట్టు ఉండదు, అది ఇంకా తొందరగా ఊడుతుంది. అన్నీ మూసేయడమే మంచిది.

కాజీపేట వెల్డింగ్:
నేను ఇరవై ఏళ్లుగా షట్టర్లే వేస్తున్నాను. ఎనుమాముల తమ్ముడూ, 18 గేజ్ వేస్తే కదలదు అన్న మాట నమ్మకు. ఊడిపోయిన షట్టర్లు ఎన్నో బాగుచేశాను. పట్టీ చిరిగిపోయి ఊడింది నాకు ఒక్కటి కూడా తగల్లేదు. పట్టీ బాగానే ఉంటుంది, అంచు జారుతుంది. మధ్యలో అడుగు పొట్ట వేసిందంటే పది అడుగుల పట్టీ మూడు ఇంచుల పైనే కురచ అవుతుంది. చౌకరకం ఛానల్‌లో పట్టీ లోపలికి ఉండేది ఒక్కో పక్క ఇంచు. ఇక ఎందుకు ఆగుతుంది? సర్కారు పనుల్లో పదకొండున్నర అడుగుల వెడల్పు వరకు షట్టర్‌కు 65 మిల్లీమీటర్ల లోతు ఛానల్, 0.9 మిల్లీమీటర్ల పట్టీ అడుగుతారు. బజార్లో రేటు తగ్గించాలంటే మొదట కోసేది ఆ ఛానల్ లోతునే. కొనేవాళ్లు పట్టీని వేలితో తట్టి చూస్తారు, ఛానల్‌లో టేపు పెట్టి చూసేవాళ్లు లేరు.

పోయిన నెల ఒక షెడ్డుకు వెళ్లాను. ఛానల్‌ను గోడకు బిగించే ఫాస్టనర్లు ఒక్కో పక్క మూడే. పైదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని లాగితే వచ్చేసింది, దాంతోపాటు ఎర్రగా ఇటుక పొడి రాలింది. లోపల చూస్తే సగం పొడవు ప్లాస్టరింగ్‌లోనే ఉంది. అలాంటి గోడకు 18 గేజ్ వేసినా, ఏం వేసినా బరువు పెరగడమే తప్ప లాభం లేదు. స్ప్రింగులు కూడా మార్చాలి, ఎత్తేటప్పుడు నడుం పోతుంది.

బట్టలబజార్ కిరాయిదారు:
విండ్ లాక్ షట్టర్లు అని దొరుకుతున్నాయి కదా. పట్టీ చివర కొక్కెం ఉంటుంది, ఛానల్ అంచు లోపలికి మడిచి ఉంటుంది, ఎంత పొట్ట వేసినా ఊడదు. ఖర్చు పెట్టేదేదో దాని మీదే పెడితే సరిపోతుంది. సగం సగం పని ఎందుకు?

సివిల్ హనుమకొండ:
అది మంచి వస్తువే, కానీ మన ఇటుక గోడలకు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి. కొక్కెం పట్టుకున్నాక పట్టీ బట్టలారేసే తీగలా పనిచేస్తుంది. తీగ మీద తడి దుప్పటి వేస్తే రెండు గుంజలూ లోపలికి వంగుతాయి కదా, అలా. పది అడుగుల షట్టర్‌కు మధ్యలో అర అడుగు పొట్ట వస్తే, ఇందాకటి గాలికే ఒక్కో పక్క ఛానల్‌ను దాదాపు 900 కిలోల బలంతో లోపలికి లాగుతుంది. కొక్కెం లేనప్పుడు షట్టర్ ఒక్కటే పోయేది. కొక్కెం పెట్టాక నాలుగున్నర ఇంచుల గోడ ముక్క కూడా దాంతో రావచ్చు. పక్కన ఆర్‌సీసీ పిల్లర్ గానీ, పునాది నుంచి దూలం వరకు నిలబెట్టిన ఇనుప స్తంభం గానీ ఉంటేనే అది పెట్టుకోవాలి.

నేనైతే చెప్పేది షట్టర్ మధ్యలో నిలువు పోస్టు. నేలలో ఒక గుంత, పైన దూలానికి ఒక పట్టు, గాలి సీజన్‌లో రాత్రిపూట పెట్టి పొద్దున తీసేసే ఇనుప పోస్టు. పది అడుగులు కాస్తా అయిదు, అయిదు అవుతాయి. వెడల్పు సగమైతే పట్టీ వంగే బలం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఉన్న 22 గేజ్‌తోనే చాలావరకు పని నడుస్తుంది. గాలి బయటికి లాగే వేళ కూడా ఉంటుంది కాబట్టి, షట్టర్ కింది పట్టీని పోస్టుకు కొక్కెంతో కలపాలి. అది మరిచిపోతే సగం పనే చేసినట్టు.

జేపీఎన్ రోడ్డు మెడికల్స్:
సార్, ఒక్క సందేహం. దుకాణం మూసేది బయటి నుంచి. లోపల పోస్టు ఎవరు పెట్టాలి? పెట్టినవాళ్లు ఎలా బయటికి రావాలి?

సివిల్ హనుమకొండ:
అడగాల్సిన ప్రశ్నే. ఒక్క షట్టరే దారి అయిన దుకాణానికి లోపలి పోస్టు కుదరదు. బయట పెట్టి, షట్టర్‌ను రెండు మూడు చోట్ల దానికి కొక్కేలతో కట్టాలి. వెనక తలుపున్న గోదాముకైతే లోపలే పెట్టవచ్చు.

గోపాలపూర్ అక్క:
ఇంతసేపు గాలి గురించే మాట్లాడారు. ఆ గోదాముల్లో రాత్రిళ్లు మనుషులు పడుకుంటారని ఎవరికైనా గుర్తుందా? మా ఆయన హమాలీ పని చేస్తాడు. సీజన్‌లో రాత్రి కాపలాకు లోపలే పడుకుంటాడు. పత్తి పక్కన. బయట తాళం, లోపల పోస్టు, దానికి బోల్టులు, నట్లు. నిప్పు అంటుకుంటే ఆ పొగలో స్పానర్ ఎక్కడ వెతకాలి? రేకులు పోతే మళ్లీ వేసుకుంటారు. మీ డిజైన్‌లో ఆ మనిషి బయటికి వచ్చే దారి ముందు గీయండి, తర్వాత మిగతాది.

కాజీపేట వెల్డింగ్:
అక్క చెప్పింది వందకు వంద నిజం. నేను ఇకమీదట బోల్టు పెట్టను. రింగున్న పిన్ను పెడతాను, చీకట్లో చేత్తో లాగితే వచ్చేలా. పిన్నును చిన్న గొలుసుతో పోస్టుకే కట్టేస్తాను, పారేసుకోకుండా. వెనక తలుపుకు లోపల గడియ మాత్రమే ఉండాలి, బయట తాళం వేయొద్దు.

విశాఖ నుంచి:
మాది వరంగల్ కాదు కానీ ఒక మాట చెప్పాలనిపించింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో షట్టర్ల మీద పడినవి ఎక్కువగా ఎదుటి ఇళ్ల రేకులు, బోర్డుల ఫ్రేములే. మీ షట్టర్ ఎంత గట్టిగా చేసినా ఎదుటి మేడ మీద వదులుగా ఉన్న ఫ్లెక్సీ ఫ్రేము సంగతి కూడా చూసుకోండి. ఎండాకాలం రాకముందే వెళ్లి అడిగి విప్పించండి.

ఎనుమాముల గోదాము:
అందరికీ థ్యాంక్స్. ఈరోజు పొద్దున టేపు పట్టుకుని వెళ్లాను. నా ఛానల్ లోతు 40 మిల్లీమీటర్లు. ఊడిన పక్క పట్టీ లోపలికి ఉన్నది ఇంచు కంటే తక్కువ, రెండో పక్క ఇంచున్నర. అంటే షట్టర్ మొదటి నుంచీ ఒక పక్కకు జరిగి ఉంది, ఇన్నేళ్లూ నేను చూడలేదు. ఫాస్టనర్లు పక్కకు మూడే. రేకులను బిగించే జె బోల్టులు (కొక్కెం బోల్టులు) కొన్ని తుప్పు పట్టి సన్నబడ్డాయి.

18 గేజ్ ఆలోచన మానుకున్నాను. ఆ డబ్బుతో 65 మిల్లీమీటర్ల లోతు ఛానళ్లు, పక్కన నేల నుంచి దూలం వరకు ఇనుప స్తంభాలు, రెండు షట్టర్లకూ పిన్ను పోస్టులు, మిగిలితే అంచు రేకులకు కొత్త జె బోల్టులు. వెనక తలుపు బయటి తాళం ఈరోజే తీసేశాను.

బట్టలబజార్ కిరాయిదారు:
బాగుంది. మరి ఖర్చు కిరాయిలో కలుపుతారా, లేదా? అది చెప్పలేదు.

ఎనుమాముల గోదాము:
ఈ ఏడాది కలపను అన్నా. తడిసిన ముప్పై బస్తాల లెక్కే ఇంకా తేలలేదు.

బట్టలబజార్ కిరాయిదారు:
వచ్చే ఏడాది గురించి అడుగుతున్నాను. గోడ, స్తంభం, ఛానల్ ఓనర్ ఆస్తి. కిరాయిదారు ఖాళీ చేసి పోయినా అవి మీకే ఉంటాయి. ఆ మాట మీద మాత్రం నేను తగ్గను.

కాజీపేట వెల్డింగ్:
తమ్ముడూ, స్తంభం నిలబెట్టేటప్పుడు నన్ను పిలిచినా, ఇంకెవరిని పిలిచినా ఒకటి గుర్తు పెట్టుకో. ముందు షట్టర్ దించి, రెండు పక్కలా పట్టీ ఒకేలా లోపలికి ఉందో లేదో కొలిపించు. ఆ తర్వాతే ఛానల్ వెల్డింగ్. నేల గుంతకు ఒక మూత పెట్టించు, లేకపోతే మిర్చి దుమ్ము, పత్తి పీచు నిండిపోయి అవసరమైన రోజు పోస్టు దిగదు.